బాక్సు విప్పండి, బూజు పట్టనివ్వకండి: యానిమే డిస్కుల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సినిమాలూ సీరియళ్ళూ, డిస్కులు కొని దాచుకునేవాళ్ళు ఏదైనా అడగాలనుకుంటే రాయండి అన్నాం, ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, జయపురం వైపు నుంచే ఎక్కువ, అందులో కొన్ని ఒడియా లిపిలో రాసిన తెలుగు ఉత్తరాలు, అవి చదువుతుంటే భలే సంతోషమేసింది. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నాను.

మా బావ టెక్సాస్‌లో ఉంటాడు, సంక్రాంతికి వస్తున్నాడు. ఒక యానిమే బ్లూరే బాక్స్ తెమ్మంటే సరేనన్నాడు గానీ అమెరికా డిస్కులు ఇక్కడ ఆడవని మా ఫ్రెండ్ అంటున్నాడు. ఏటి చేయమంటారు?
— కాలేజీ కుర్రాడు, గిరి రోడ్డు, బరంపురం

మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం తమ్ముడూ. బ్లూరే కోసం ప్రపంచాన్ని మూడు ముక్కలు చేశారు, అమెరికా జపాన్ రెండూ ‘ఏ’ (A) రీజియన్, యూరప్ ఆస్ట్రేలియా ‘బి’, మనమూ చైనా రష్యా ‘సి’. ఇక్కడ షాపులో కొన్న ప్లేయర్ ‘సి’ కాబట్టి ‘ఏ’ అని తాళం వేసిన డిస్కు పెడితే స్క్రీన్ మీద ఒక మెసేజ్ వచ్చి ఆగిపోద్ది అంతే. కానీ కంపెనీలు అన్ని డిస్కులకీ తాళం వెయ్యవు, కొన్నిటికి అసలు వెయ్యరు, కొన్ని ‘ఏ’ ‘బి’ రెండిట్లోనూ ఆడతాయి, అందుకే బాక్సు వెనక కింద మూల చిన్న గుర్తులో ఏ అక్షరాలున్నాయో కొనేముందే బావగారిచేత ఫొటో తీయించి తెప్పించుకోండి. 4కే డిస్కులకైతే రీజియన్ గొడవే లేదు, 4కే ప్లేయర్ ఉంటే ఎక్కడిదైనా ఆడుతుంది, కాకపోతే 4కే బాక్సులో జతగా ఒక మామూలు బ్లూరే కూడా పెడతారు చూడండి, దానికి తాళం ఉండొచ్చు, ఎక్స్‌ట్రాలన్నీ, అంటే అసలు షోతోపాటు అదనంగా ఇచ్చేవి, పోయి పోయి ఆ రెండో డిస్కులోనే ఉంటే ఏడుపొస్తుంది.

డీవీడీలది ఇంకో లెక్క. మనది 5, అమెరికా 1, జపాన్ 2, ఇంగ్లండ్ కూడా 2, ఆస్ట్రేలియా 4. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు గానీ ఐదుసార్లే, ఐదోసారి ఏది పెడితే దాని మీదే ఉండిపోద్ది, కాబట్టి సరదాకి నొక్కేయకండి. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా నుంచి పాత యానిమే డీవీడీలు తెప్పించుకునేవాళ్ళు ఇంకోటి గమనించాలి, అవి పాల్ అనే టీవీ పద్ధతిలో ఉంటాయి, కొన్నిటిలో సెకనుకి 24 ఫ్రేములున్న బొమ్మని 25 చేసి తిప్పుతారు, దాంతో కథ నాలుగు శాతం వేగంగా నడిచి గొంతులు కొంచెం సన్నగా వినబడతాయి. ఒకసారి చెవికి తెలిసిందంటే ఇంక మర్చిపోలేం.

నన్నడిగితే బావగారిచేత డిస్కుతోపాటు ఒక మామూలు బ్లూరే ప్లేయర్ కూడా తెప్పించీసుకోండి. అది ‘ఏ’ రీజియన్ కాబట్టి రేపు జపాన్ డిస్కు కొన్నా అందులోనే ఆడుతుంది. కొనేటప్పుడు దాని మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసుందో లేదో చూడమనండి, 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టగానే కాలిపోద్ది.

జపాన్ నుంచి డైరెక్టుగా తెప్పించుకుందామని రేట్లు చూస్తే కళ్ళు తిరిగాయి. రెండే ఎపిసోడ్‌లున్న డిస్కు ఏడు వేల యెన్‌లట! అమెరికా బాక్సులో అయితే 12 ఎపిసోడ్‌లూ వస్తున్నాయి. ఎందుకంత తేడా?
— రాయగడ

జపాన్లో ఆ డిస్కు సినిమా చూడ్డానికి కొనే వస్తువు కాదండి, ఆ షో బతకాలని అభిమాని పెట్టే పెట్టుబడి. అర్ధరాత్రి వచ్చే యానిమేలకి టీవీ చానెల్ డబ్బివ్వదు, షో తీసిన కంపెనీల కమిటీయే ఎదురు డబ్బిచ్చి ఆ టైమ్ కొనుక్కుంటుంది. ఆ డబ్బంతా చాలాకాలం డిస్కులమీదే రాబట్టుకున్నారు, ఈమధ్యే బయటిదేశాల స్ట్రీమింగ్ డబ్బు ఎక్కువై డిస్కుల అమ్మకం తగ్గింది. ఇంకా వెనక్కి పోతే 1983లో డల్లోస్ అని మమోరు ఒషీ తీశాడు, టీవీ కోసమూ కాదు థియేటర్ కోసమూ కాదు, నేరుగా వీడియో కోసమే తీసిన మొదటి యానిమే అదే. అప్పుడు క్యాసెట్ల రేటు చాలా ఎక్కువ, అద్దెషాపులవాళ్ళూ పిచ్చి అభిమానులూ తప్ప ఎవరూ కొనేవాళ్ళు కాదు, ఆ అలవాటే డిస్కుల దాకా వచ్చింది.

రేటుకి తగ్గట్టు మొదటి ప్రింటులో చాలా పెడతారు లెండి. కేరెక్టర్ డిజైనర్ కొత్తగా గీసిన బొమ్మతో బయటి డబ్బా, బుక్‌లెట్, పాటల సీడీయో డ్రామా సీడీయో, ఇంకా టోక్యోలో నటుల ఈవెంట్‌కి టికెట్ల లాటరీ కాగితం. ఆ లాటరీ కాగితం మనకి ఎందుకూ పనికిరాదు. అందుకే నా సలహా ఏంటంటే జపాన్‌లో సెకండ్‌హ్యాండ్‌గా దొరికేవి కొనండి, అక్కడివాళ్ళు వస్తువు ఎంత శుభ్రంగా వాడతారంటే విప్పారో లేదో కూడా తెలీదు, లాటరీ తేదీ అయిపోయాక రేటు కూడా బాగా దిగుతుంది. డబ్బాకి పక్కన చుట్టి ఉండే కాగితం పట్టీ ఉంటుంది చూడండి, ఓబీ అంటారు, అది ఉందో లేదో మాత్రం అడగండి, చాలామంది పారేస్తారు, అందులో రాసిన వివరాలు ఒక్కోసారి డబ్బా మీద ఉండవు.

అమెరికాలో ఎందుకు చవకంటే అక్కడ అభిమాని సిరీస్ మొత్తం ఒకేసారి కొంటాడు, టీవీ ఖర్చు అక్కడి కంపెనీ మీద పడదు. డీవీడీ రోజుల్లో జపాన్‌కీ అమెరికాకీ రీజియన్ వేరు కాబట్టి జపాన్‌వాళ్ళకి బెంగలేదు, బ్లూరేలో ఇద్దరూ ఒకే రీజియన్ అయిపోయేసరికి తమవాళ్ళు అమెరికా నుంచి చవగ్గా తెప్పించుకుంటారేమోనని భయం పట్టుకుంది. ఆనిప్లెక్స్ అనే జపాన్ కంపెనీ అమెరికాలో కూడా బాక్సుల రేటు అంతంత పెట్టడానికి అదీ ఒక కారణమంటారు.

ఒక జాగ్రత్త. జపాన్ డిస్కుల్లో చాలావాటికి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉండవు. జిబ్లీ అనే స్టూడియో సినిమాలు మాత్రం వేరు, జపాన్ బ్లూరేల్లోనే ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి, కాబట్టి మొదటిసారి జపాన్ నుంచి కొనేవాళ్ళు వాటితో మొదలుపెట్టండి.

ఆన్‌లైన్‌లో సిరీస్ మొత్తం 900 రూపాయలకి ఇస్తామంటున్నారు, కొత్త సీల్డ్ పీసట. కొనొచ్చా?
— గుణుపురం

వద్దు. దొంగ కాపీని పట్టుకోడం తేలిక, రీజియన్ దగ్గర ఆల్ అని పెద్దగా రాస్తారు, ఇరవై ముప్ఫై ఎపిసోడ్‌లు రెండు డీవీడీల్లో కుక్కుతారు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ అర్థంపర్థం లేకుండా ఉంటాయి, బొమ్మ ప్రింటు మసగ్గా ఉంటుంది, డిస్కు తిప్పి చూస్తే అడుగున ఊదారంగు ఉంటే అది ఇంట్లో రాసినది, ఫ్యాక్టరీలో అచ్చు వేసింది కాదు. ఆ 900తో జిబ్లీ సెకండ్‌హ్యాండ్ డిస్కు కోసం దాచడం మొదలుపెట్టండి.

బాబూ, మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం, వాడి యానిమే బాక్సులన్నీ ఇక్కడ ఇంట్లోనే పెట్టి వెళ్ళాడు. వర్షాలకి అట్టపెట్టెల మీద తెల్లగా బూజు వస్తోంది, బీరువాలో కలరా ఉండలు వేశాను. వాడు చూస్తే గోల పెడతాడు, ఏం చేయాలో చెప్పు.
— ఒక తల్లి, పర్లాకిమిడి

అమ్మా, ముందుగా ఆ కలరా ఉండలు ఇప్పుడే తీసేయండి. దాని ఆవిరి బట్టలకి పరవాలేదు గానీ కొన్నిరకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, కాగితం మీద వాసన ఏళ్ళతరబడి పోదు. కర్పూరం కూడా వద్దు. పురుగుల భయముంటే ఎండిన వేపాకు పలచటి గుడ్డలో మూటకట్టి బీరువా మూల పెట్టండి, బాక్సులకి తగలకుండా.

బూజు పట్టినవాటిని ఇంట్లో దులపకండి, మిగతావాటికి అంటుకుంటుంది. ఎండ తీవ్రంగా లేని పూట వరండాలో గాలికి పెట్టి, పూర్తిగా ఆరాక మెత్తటి పొడి బ్రష్‌తో మెల్లగా తుడవండి, మీ ముక్కుకి గుడ్డ కట్టుకోండి. తడిగుడ్డ అసలు వాడొద్దు, అట్ట ఉబ్బుతుంది. నేరుగా ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది, ముందు పోయేది ఎరుపూ పసుపూ.

మన వైపు సముద్రం గాలి, మీ వైపు మహేంద్రగిరి వాన, రెండు చోట్లా తేమే శత్రువు. కాగితానికి 40 నుంచి 50 శాతం తేమ మంచిదంటారు, శ్రావణంలో మనకి అది దొరికే పని కాదు, అయినా తగ్గించుకోవచ్చు. బీరువా బయటి గోడకి ఆనించి ఉంటే బెత్తెడు దూరం జరపండి, అడుగు అర నేలకి దగ్గరగా ఉంటే అందులో బాక్సులు పెట్టకండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు మన వైపు ఎన్ని ఇళ్ళల్లో కింది అర పుస్తకాలు పోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. సిలికా జెల్ పొట్లాలు ఒక్కో అరలో రెండేసి పెట్టండి, నీలం గింజలవైతే తేమ పీల్చాక గులాబీరంగుకి మారతాయి, అప్పుడు మార్చేయండి. ఆ గింజల్ని వంటగిన్నెల్లో మాత్రం వేడిచేయకండి, మంచిది కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, బాక్సులు కదలాలి. మన ఇళ్ళల్లో బరంపురం పట్టుచీరని కట్టుకోకపోయినా అప్పుడప్పుడు తీసి గాలి తగలనిచ్చి మడత మార్చి పెడతారు కదమ్మా, ఇదీ అంతే. రెండు నెలలకోసారి తలుపులు తీసి, బాక్సులు బయటపెట్టి, బుక్‌లెట్ తీసి పేజీలు ఒకసారి అలా తిప్పి మళ్ళీ పెట్టండి. బిగించి కుక్కకండి, మధ్యలో వేలు పట్టేంత చోటుంటే చాలు. మీ అబ్బాయికి కూడా ఒక మాట చెప్పండి, బాక్సుల మీద తొడిగే కవర్లు పీవీసీవైతే వేడికి మెత్తబడి ప్రింటుకి అతుక్కుపోతాయి, పాలీప్రొపలీన్‌వి కొనమనండి. రేకు డబ్బాలు, అంటే స్టీల్‌బుక్ అంటారు, అకీరా అనే సినిమాకి 2001లో అమెరికాలో వచ్చిన లిమిటెడ్ డీవీడీ కూడా లోహపు డబ్బాలోనే వచ్చింది, అలాంటివి ఉప్పుగాలికి అంచుల దగ్గర తుప్పు పడతాయి, వాటిని పైన అరలో సిలికా పక్కనే పెట్టాలి. గోపాలపూర్, ఛత్రపూర్ వైపువాళ్ళు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి.

డిస్కుల గురించి మీరు భయపడొద్దు, అవి అట్టకన్నా గట్టివి. తుడవాల్సొస్తే మధ్యనుంచి అంచుకి నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పి కాదు. బ్లూరేలో సమాచారం ఉండే పొర బొమ్మ లేని మెరిసే వైపునుంచి మిల్లీమీటర్‌లో పదో వంతు లోతులోనే ఉంటుంది, దాన్ని కాపాడ్డానికి గట్టి పూత వేస్తారు, అయినా అట్ట జేబుల్లో దూర్చి పెట్టే డిజైన్ ఉన్న బాక్సుల్లో తీసేటప్పుడు పెట్టేటప్పుడు గీతలు పడతాయి. అలాంటివుంటే డిస్కుల్ని విడిగా ప్లాస్టిక్ కేసులో పెట్టి, అట్టబాక్సు అలాగే ఉంచమనండి.

మీ అబ్బాయి గోల పెట్టడమ్మా, మీరింత చూసుకుంటున్నారని తెలిస్తే.

నేను బొమ్మలు గీస్తాను, యానిమేషన్ కోర్సులో చేరాలని ఉంది. ఎక్స్‌ట్రాల కోసం కొనాలంటే ఏవి కొనాలి?
— జయపురం, ఇంటర్ విద్యార్థిని

ఈ ఉత్తరం కోసమే నేను ఎదురుచూశాను. మొదట జిబ్లీ బ్లూరేలు చూడమ్మా. సినిమా మొత్తానికి స్టోరీబోర్డు అందులో ఉంటుంది, ఆడియో సినిమాదే, తెర మీద మాత్రం మొదటినుంచి చివరిదాకా పెన్సిల్ బొమ్మలే నడుస్తాయి. జిబ్లీ డైరెక్టర్ మియజాకి తన సినిమాల స్టోరీబోర్డు తనే గీస్తాడు, కెమెరా ఎక్కడ ఉండాలి, షాట్ ఎన్ని సెకన్లు, గాలి ఎటు వీస్తోంది అన్నీ ఆ చిన్న గడుల్లోనే. ఒక సీన్ పూర్తయిన సినిమాలో చూసి, వెంటనే స్టోరీబోర్డులో చూసి, మళ్ళీ సినిమాలో చూడు, క్లాసులో చెప్పినా అంత బాగా ఎక్కదు.

తర్వాత క్రెడిట్స్ లేని ఓపెనింగ్, అంటే ఎపిసోడ్ మొదట్లో వచ్చే పాట. పేర్లు అడ్డం రాకుండా వస్తుంది కాబట్టి ఒక్కో ఫ్రేము ఆపి చూడొచ్చు, సిరీస్ మొత్తంలో మంచి యానిమేటర్లని పెట్టేది ఆ నిమిషంన్నరకే. బుక్‌లెట్‌లో అసలు కీ డ్రాయింగులు, అంటే కదలికలో ముఖ్యమైన భంగిమల బొమ్మలు, వేసిన ఎడిషన్ అయితే రేటు ఎక్కువైనా నీకు అదే పనికొస్తుంది, గీత ఎక్కడ గట్టిగా పడింది ఎక్కడ వదిలేశాడు అన్నది కాగితం మీదే తెలుస్తుంది, ఏ ఎపిసోడ్‌కి ఎవరు గీశారో పేర్లు కూడా రాస్తారు. స్ట్రీమింగ్‌లో ఎండింగ్ మొదలవగానే తరవాతి ఎపిసోడ్‌కి దూకేస్తుంది, ఆ పేర్లు చదివేదెవరు? నాకు ఆ పేర్లంటే గౌరవం, అందుకే డిస్కు కొంటాను.

టీవీలో వచ్చిన బొమ్మ, డిస్కులో వచ్చిన బొమ్మ ఒకటే కాదని కూడా గుర్తుపెట్టుకో. 2011లో మడోకా మ్యాజికా అనే సిరీస్ టీవీలో వచ్చేటప్పుడు హడావుడిగా తేల్చేసిన సీన్లు చాలావరకు డిస్కుకొచ్చేసరికి మళ్ళీ గీశారు. బకెమోనోగతారి అనే సిరీస్ జపాన్ డిస్కుల్లో ఇంకో విచిత్రం, బొమ్మ నడుస్తుంటే వెనక వినబడే కామెంటరీ మాట్లాడేది డైరెక్టర్ కాదు, కథలోని పాత్రలే, ఆ మాటలు మూల రచయిత నిసియో ఇషిన్ రాసిచ్చాడు, అంటే అది కొత్త కథ కిందే లెక్క. 1988లో మొదలైన గన్‌బస్టర్ అనే యానిమే వీడియోల చివర సైన్స్ పాఠాలని చిన్న చిన్న బొమ్మలొస్తాయి, నవ్విస్తూ కాంతివేగం గురించి చెప్తాయి. అమెరికాలో 1988లోనే పెట్టిన ఆనిమెగో అనే చిన్న కంపెనీ క్యాసెట్లతోపాటు కాగితాలు పెట్టేది, జపాన్ పండగలు, తిండి, మాటల్లో చమత్కారం అన్నీ వివరిస్తూ. ఎవరూ అడక్కపోయినా ఇంత పని చేసినవాళ్ళని చూస్తే నాకు కడుపు నిండుతుంది.

ఇప్పుడు తెలుగులోనే డబ్బింగ్ వస్తోంది కదండీ, ఇంకా డిస్కులెందుకు?
— రాయగడ

తెలుగులో రావడం చాలా మంచి సంగతి, 2025 జనవరిలో జపాన్‌వాడు యుగో సాకో తీసిన యానిమే రామాయణం తెలుగులో థియేటర్‌కొచ్చింది, అదే ఏడు సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్ కూడా, చూడండి, చూడాలి కూడా. కానీ స్ట్రీమింగ్‌లో ఉన్నది మీది కాదు. అమెరికాలో ఫ్యూనిమేషన్ అనే కంపెనీ డిస్కులతో ఒక కోడ్ ఇచ్చేది, అది కొడితే డిజిటల్ కాపీ మీ ఖాతాలో చేరేది, 2024 ఏప్రిల్ 2న ఆ యాప్ మూసేశారు, ఆ కాపీలు క్రంచీరోల్ అనే స్ట్రీమింగ్ యాప్‌లోకి మారలేదు, పోయాయి. డిస్కులు మాత్రం అరలోనే ఉన్నాయి. ఎవాంజెలియన్ అనే సిరీస్‌లో ఎపిసోడ్ చివర్లో ఒక పాత అమెరికన్ పాట వచ్చేది, 2019లో నెట్‌ఫ్లిక్స్‌కొచ్చేసరికి హక్కుల గొడవతో జపాన్ బయట ఆ పాట లేదు, 2021లో వచ్చిన అమెరికా బ్లూరేలోనూ లేదు, అమెరికా డిస్కుల్లో అది కావాలంటే ఏడీవీ అనే కంపెనీ వేసిన పాత డీవీడీలే గతి.

సీల్ విప్పకుండా ఉంచితే రేటు పెరుగుతుందంటారు. నిజమేనా?
— బరంపురం

కొన్నిటికి పెరుగుతుంది. అమెరికాలో యానిమే డిస్కులు అమ్మిన కంపెనీల్లో జెనియాన్ 2007లో, ఏడీవీ 2009లో మూతపడ్డాయి, బాండై ఎంటర్‌టైన్‌మెంట్ 2012లో కొత్తవి ఆపేసింది, వాళ్ళ బాక్సులు మళ్ళీ అచ్చవ్వలేదు కాబట్టి దొరకడం కష్టం. ఇంకో కంపెనీ హక్కులు కొని కొత్త బ్లూరే తెస్తే మాత్రం పాత డిస్కు రేటు ఒక్కరోజులో పడిపోద్ది. రేటు కోసమే అయితే బంగారం కొనుక్కోండి. నేను విప్పమనే చెప్తాను, మన వాతావరణంలో ఆ పల్చటి ప్లాస్టిక్ కవరు బిగుసుకుని అట్ట మూలలు వంచుతుంది, లోపల తేమ చేరిందో లేదో కూడా తెలీదు, డిస్కు పాడై ఉంటే వాపసు గడువు దాటాక తెలిసి ఏం లాభం? వచ్చిన రోజే విప్పి ప్రతి డిస్కూ ఒకసారి ఆడించి చూడండి.

కస్టమ్స్ ఎంత పడుతుందో ముందే తెలుస్తుందా?
— ఛత్రపూర్

శాతాలు మారుతుంటాయి కాబట్టి ఆర్డర్ పెట్టేరోజు చూసుకోండి. మారనిది ఏంటంటే డ్యూటీ వస్తువు ధర మీదే కాదు, షిప్పింగ్ కలిపిన మొత్తం మీద వేస్తారు, అందుకే బరువైన బాక్సుకి విమానం ఛార్జీ ఎక్కువైతే పన్నూ పెరుగుతుంది. గిఫ్ట్ అని రాయించి తప్పించుకుందామనుకోవద్దు, 2019 డిసెంబర్ నుంచి బయటినుంచి వచ్చే గిఫ్టులకి ఉన్న పన్ను మినహాయింపు తీసేశారు. బిల్లు కాపీ పార్సిల్ బయట కవర్లో అంటించమని అమ్మేవాళ్ళకి రాయండి, లేకపోతే వెల తేల్చడం కోసం లోపలిది విప్పుతారు, మూలలు నలిగేది అక్కడే. నాలుగైదు డిస్కులు ఒకే పార్సిల్లో తెప్పించుకునేటప్పుడు బాక్సుకి రెండు పొరల అట్ట అడగండి, అదనంగా డబ్బు తీసుకున్నా ఇచ్చేయండి.